"అడవోళ్లు కదా, మీకేం భయం" అంటే నిచ్చెన ఎక్కొద్దు

  

ఈసారి మేం రాస్తున్నది రిజర్వేషన్ మీద కాదు, మెస్ చార్జీల మీద కాదు. కందిరీగల మీద. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు పనిచేస్తున్న మనవాళ్ల ప్రాణానికి సంబంధించిన సంగతి ఇందులో ఉంది.

మేం కొందరం ఫిల్మ్‌నగర్ బస్తీల్లో గదులు తీసుకుని చదువుకుంటున్నాం. పొద్దున కాలేజీ, లేదంటే కోచింగ్. సాయంత్రం ఏదో ఒక పని. మా చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు. తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి ఇక్కడి బంగళాల్లో వాచ్‌మన్‌లుగా, తోటపనికి, కార్లు కడగడానికి, షూటింగుల్లో సెట్టు పనికి కుదిరినవాళ్లు. వాళ్ల నోట మేం పదేపదే విన్న ముచ్చట ఒకటుంది. సన్‌షేడ్ కింద కందిరీగల గూడు కనబడగానే ఇంటాయన పిలుస్తాడు. "దాన్ని కాల్చెయ్" అంటాడు. మనోడు కొంచెం వెనకాడితే చాలు, వెంటనే ఒక మాట వస్తుంది: "మీరు అడవోళ్లు కదా, మీకేం భయం?"

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఒకటి, ఆ మాట మెచ్చుకోలు కాదు. జీతంలో లేని ప్రమాదాన్ని మన నెత్తిన పెట్టే ఉపాయం. దానికి పొంగిపోయి నిచ్చెన ఎక్కొద్దు. రెండు, చాలాసార్లు ఆ గూడు తీయాల్సిన పనే లేదు. మూడు, నిజంగా తీయాల్సి వస్తే దానికి ఒక పద్ధతి ఉంది, సామాను ఉంది, ఆ ఖర్చు ఇంటివాళ్లది. ఈ మూడూ ఎందుకంటున్నామో ఒక్కొక్కటిగా చెప్తాం.

ముందు కందిరీగ అంటే ఏదో తేల్చుకుందాం. పేరు ఒకటే వాడేస్తాం గానీ, ఇళ్ల దగ్గర మనకు కనిపించేవి నాలుగు రకాలు. నాలుగింటి స్వభావం వేరు, ప్రమాదం వేరు.

మొదటిది కాగితపు గూడు కట్టే కందిరీగ. నడుము మధ్యలో నులిమినట్టు సన్నగా ఉంటుంది. గూడు బూడిద రంగులో, ఆరు పలకల గదులతో, ఒక సన్నని కాడ మీద వేలాడుతూ ఉంటుంది. పైన కప్పేమీ ఉండదు, గదులన్నీ బయటికే కనిపిస్తాయి. ఈ పోస్టు ముఖ్యంగా దీని గురించే.

రెండోది మట్టి గూడు కట్టేది. గోడ మూలల్లో, కిటికీ చెక్కల మీద, స్విచ్ బోర్డు పక్కన మట్టి ముద్దలు అంటించి పోతుంది. ఇది ఒంటరి. గుంపుగా వచ్చి కుట్టడం దీనికి తెలియదు, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. మన పెద్దలు చెప్పే భ్రమర కీటక న్యాయం దీన్ని చూసి పుట్టిందే. గొంగళిపురుగును తెచ్చి మట్టి గూట్లో పెట్టి మూస్తుంది, కొన్నాళ్లకు అందులోంచి ఈగ బయటికి వస్తుంది. దాని ఝుంకారం విని విని పురుగే ఈగ అయిపోయిందని అనుకున్నారు. అసలు జరిగేది ఏంటంటే, అది పురుగును కుట్టి కదలకుండా చేసి, దాని పక్కన గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెద్దదవుతుంది.

మూడోది పెద్ద కందిరీగ. ఒళ్లు నల్లగా, పొట్ట మీద నారింజ రంగు పట్టీతో బొటనవేలి మందాన కనిపిస్తుంది. చెట్టు తొర్రల్లో, గోడ బొక్కల్లో గూడు పెడుతుంది. దీనితో మాత్రం అస్సలు ఆటలొద్దు. ఇది కాగితపు కందిరీగలకు కూడా శత్రువే. వాటి గూటి మీద పడి పిల్లలను ఎత్తుకుపోతుంది.

నాలుగోది కందిరీగే కాదు, కొండ తేనెటీగ. పెద్ద పెద్ద అపార్టుమెంట్ల అంచులకు, నీళ్ల ట్యాంకుల కింద ఒకే ఒక్క పెద్ద పెరగా వేలాడుతుంది. దాన్ని కందిరీగల తుట్టె అనుకుని రాయి విసిరితే ఏమవుతుందో మనలో తేనె తీసే ఇళ్లవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక కాగితపు కందిరీగ ఇంటికి ఎందుకొస్తుంది? జూబ్లీహిల్స్ అసలు రాళ్లగుట్టల నేల. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ పెట్టిన కాలానికి ఈ చుట్టుపక్కల ఎక్కడ చూసినా బండలు, ముళ్లపొదలు. బండ కింద వాన తగలని అంచు, పక్కనే పొదలు, పొదల్లో పురుగులు. కందిరీగకు కావాల్సింది అదే. బండలు పగలగొట్టి మనిషి బంగళా కట్టాడు. ఆ బంగళాకు సన్‌షేడ్ పెట్టాడు, బాల్కనీ పెట్టాడు, ఏసీ పెట్టె పెట్టాడు, చుట్టూ తోట పెంచాడు. కందిరీగ లెక్కలో సన్‌షేడ్ కూడా ఒక బండ అంచే. వాన పడదు, ఎండ తగలదు, కింద తోటలో కావాల్సినంత తిండి. పైగా 1998లో జాతీయ ఉద్యానవనం చేసిన కేబీఆర్ పార్కు పక్కనే ఉంది. అందుకని ఇది ఎక్కడి నుంచో వచ్చి మీద పడ్డ పురుగు కాదు. ఇక్కడిదే. ఇళ్లే తర్వాత వచ్చాయి.

ఈ మాట మనకు ఎక్కడో తగలాలి. పక్కనున్న బంజారాహిల్స్‌కు ఆ పేరు ఎట్లా వచ్చిందో అందరికీ తెలుసు. బంజారాలు ఉన్న గుట్టలు కాబట్టి ఆ పేరు. పేరు మిగిలింది, గుట్ట చేతులు మారింది. 2022 సెప్టెంబర్ 17న అదే బంజారాహిల్స్‌లో కొమురం భీమ్ ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ తెరిచారు. మంచిదే. కానీ భవనం గేటు లోపల మన పేరు ఉంటే సరిపోదు, రోడ్డుకు అవతల బంగళా గేటు దగ్గర నిలబడ్డ మనోడి ప్రాణానికి కూడా విలువ ఉండాలి.

గూడు కట్టే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ఎండకు ఎండి వానకు తడిసిన పాత చెక్క, కంచె కర్ర, ఎండు కొమ్మ ఏది దొరికినా దాని మీద కూర్చుని పళ్లతో గీరుతుంది. ఆ పీచును ఉమ్మితో నమిలి ముద్ద చేసి పలచగా సాగదీస్తుంది. ఆరితే కాగితం. 1719లో రెయోమూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇది చూసి, చెక్క నుంచి కాగితం చేయొచ్చని వాళ్ల అకాడమీలో చెప్పాడు. అప్పటికి యూరప్‌లో కాగితం పాత గుడ్డపీలికలతో చేసేవాళ్లు. చెక్క కాగితం మిల్లులు ఆ తర్వాత వందేళ్లు దాటాక వచ్చాయి. మన దగ్గర నిజాం కాలంలో సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టారు, ఊరికి కాగజ్‌నగర్ అనే పేరే వచ్చింది. ఆ మిల్లుకు వెదురు వెళ్లింది ఆదిలాబాద్ అడవుల నుంచే. మనం పరీక్ష రాసే కాగితం వెనక అడవి ఉంది, ఆ విద్య మనిషికంటే ముందు కందిరీగకు వచ్చు.

గూడు వేలాడే కాడకు ఒక జిగురు పదార్థం పూస్తుంది. చీమలు అది దాటి రావడానికి ఇష్టపడవు. మన ఇళ్లలో చీమలు పట్టకుండా ఉట్టి కట్టి కుండ వేలాడదీసే ఆలోచనే ఇది కూడా.

తిండి సంగతి. పెద్ద కందిరీగలు పూల తేనె, పండ్ల రసం తాగుతాయి. పిల్లలకు మాత్రం మాంసం కావాలి. అందుకని ఆకులు తినే గొంగళిపురుగులను పట్టి, ముక్కలు చేసి, నమిలి ముద్ద చేసి తెచ్చి పెడతాయి. తోట యజమాని ఒక పక్క గులాబీలకు పురుగు పట్టిందని మందు కొట్టిస్తాడు, ఇంకో పక్క ఆ పురుగును జీతం అడక్కుండా ఏరి తీసుకుపోయే దాన్ని కాల్పిస్తాడు. మన చేల దగ్గర కూడా ఇదే కథ. ఇంటి చూరుకు ఉన్న గూడును కాల్చేసి, పెరట్లో కూరగాయలకు పురుగుమందు కోసం షావుకారు దగ్గర అప్పు రాయించుకుంటాం.

ఇప్పుడు రాణి ముచ్చట. ఫిల్మ్‌నగర్‌లో కందిరీగ అంటే దూకుడుకు పేరు. 2011లో ఆ పేరుతోనే సినిమా వచ్చింది. మరుసటి ఏడాది ఈగ పగ తీర్చుకునే సినిమా వచ్చింది, అదీ బాగా ఆడింది. సినిమాకు పగ కావాలి కాబట్టి పురుగుకు కూడా పగ పెడతారు. నిజమైన కందిరీగకు పగ లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో రాఘవేంద్ర గదగ్కర్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఒకే రకం కాగితపు కందిరీగను చదివారు. రోపాలిడియా మార్జినాటా దాని శాస్త్రీయ నామం. దక్షిణ భారతంలో మామూలుగా కనిపించేదే. దాని మీద ఆయన రాసిన పుస్తకం 2001లో హార్వర్డ్ ప్రెస్ వేసింది. అమెరికాలో ఏదో వింత జంతువు కోసం వెళ్లలేదు ఆయన, మన కిటికీ మీద ఉన్నదాన్నే చూశారు. గ్రూపులో జువాలజీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పరిశోధనకు పెద్ద సామాను లేకపోయినా పర్లేదు, ఓపిక ఉండాలి.

ఆయన బృందం గమనించింది ఏంటంటే, ఈ రకంలో రాణి చాలా సాధువు. ఎవరినీ కరవదు, తరమదు. చూస్తే పనిచేసేవాళ్లకూ రాణికీ తేడా తెలియదు. తన ఒంటి నుంచి వచ్చే ఒక వాసనతోనే "నేనున్నాను" అని అందరికీ తెలియజేస్తుంది. రాణిని తీసేస్తే ఒక్క కందిరీగ మాత్రం ఉన్నట్టుండి దూకుడుగా మారుతుంది. అదే తర్వాతి రాణి. మిగతావి దాన్ని ఒప్పుకుంటాయి, కొన్నాళ్లకు అది కూడా సాధువు అయిపోతుంది. తర్వాతి రాణి ఎవరో మనం ముందుగా చూసి చెప్పలేం, వాటికి మాత్రం ముందే తెలిసినట్టే ఉంటుంది.

ఇంకొక సంగతి మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. ఈ కందిరీగల్లో గుడ్డు పెద్దదై రెక్కలొచ్చేసరికి సుమారు రెండు నెలలు పడుతుంది. పనిచేసే కందిరీగ సగటున బతికేది నెల రోజులు. అంటే ఒక్కతే గూడు పెట్టుకుంటే, పిల్ల చేతికి రాకముందే తల్లి పోయే ప్రమాదం ఎక్కువ. గుంపులో ఉంటే ఒకరు వదిలిన పని ఇంకొకరు అందుకుంటారు. అవి కలిసి ఎందుకు బతుకుతాయి అన్నదానికి గదగ్కర్ చెప్పిన జవాబుల్లో ఇది ముఖ్యమైనది. మనలో ఎంతమంది నాయనమ్మ పెంచితే, మేనమామ ఫీజు కడితే, అక్క కూలికి పోతే ఇక్కడిదాకా వచ్చామో ఒకసారి లెక్క వేసుకోండి.

అమెరికాలోని ఒక రకం కాగితపు కందిరీగలు ఒకదాని ముఖం ఒకటి గుర్తుపడతాయని కూడా అక్కడి శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి తేల్చారు. ముఖం మీదే బతికే ఫిల్మ్‌నగర్‌లో, రెండేళ్లుగా గేటు తీస్తున్న మనోడి ముఖం, పేరు ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో అడగాలనిపిస్తుంది. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

అయితే కందిరీగ మంచిదని చెప్పి ప్రమాదం లేదని అనడం లేదు. కుట్టేది ఆడదే. తేనెటీగ మనిషిని కుడితే ముల్లు ఒంట్లో ఇరుక్కుని, ఈగ చచ్చిపోతుంది. కందిరీగ ముల్లు నున్నగా ఉంటుంది, ఒకటే నాలుగైదు సార్లు కుట్టగలదు. గూడు కదిలితే మిగతావి కూడా లేస్తాయి. గూటికి దూరంగా ఒక్కటి ఎగురుతున్నప్పుడు మన జోలికి రాదు. అది కుట్టేది గూడు కోసమే. అందుకే అసలు ప్రశ్న గూడు ఉందా లేదా అన్నది కాదు, గూడు ఎక్కడ ఉంది అన్నది. మూడో అంతస్తు సన్‌షేడ్ కింద ఎవరి చెయ్యీ తగలని చోట ఉంటే దాన్ని వదిలెయ్యడమే తెలివి. తలుపు గొళ్లెం పక్కన, కరెంటు మీటరు పెట్టెలో, పిల్లలు ఆడే ఉయ్యాల పైపులో, మెట్ల పక్క రెయిలింగులో ఉంటే తీయించాల్సిందే. ఆ ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరి ఆడని పరిస్థితి వచ్చి ఉంటే ఇంకా తొందరగా తీయించాలి. ఆ విషయంలో ఇంటివాళ్ల భయం న్యాయమైనదే. దాన్ని మేం తక్కువ చేయడం లేదు.

మేం కాదంటున్నది కాల్చడాన్ని, అదీ మనోడి చేత కాల్పించడాన్ని. కర్రకు గుడ్డ చుట్టి, కిరోసిన్ పోసి, నిచ్చెన మీద నిలబడి కాల్చడం అంటే కొరివితో తల గోక్కోవడమే. కొన్ని కాలుతాయి, మిగిలినవి లేస్తాయి. నిచ్చెన మీద ఉన్న మనిషికి రెండు చేతులూ ఖాళీ ఉండవు, పరిగెత్తడానికి నేల ఉండదు. కుట్టినదానికంటే కిందపడి నడుము విరగడమే పెద్ద ప్రమాదం. పక్కన ఏసీ వైర్లు ఉంటాయి, కర్టెన్లు ఉంటాయి, ఎండుటాకులు ఉంటాయి. నిప్పంటుకుంటే ఆ తప్పు కూడా చివరికి వాచ్‌మన్ మీదికే వస్తుంది.

ఇక "అడవోళ్లకు భయం ఉండదు" అన్న మాట. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు ఈ ఫిల్మ్‌నగర్ నుంచే. ఆకులు కట్టి, ఈకలు పెట్టి, హుంకారాలు చేయించి మనల్ని ఎన్ని పాటల్లో చూపించారో మనకు తెలుసు. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో భీమ్ పాత్ర పులితో తలపడుతుంది. మనమూ చప్పట్లు కొట్టాం, కాదనం. కానీ చరిత్రలో కొమురం భీమ్ పోరాడింది పులితో కాదు. జల్, జంగల్, జమీన్ కోసం నిజాం సర్కారుతో పోరాడాడు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. ఆయన ధైర్యం హక్కు అడగడంలో ఉంది. పురుగుల గుంపులో చెయ్యి పెట్టమంటే పెట్టడం ధైర్యం అని ఆయన ఎక్కడా చూపించలేదు.

నిజంగా అడవి తెలిసినవాళ్లు ఎట్లా ఉంటారో చూడాలంటే నల్లమలలో తేనె తీసే చెంచులను చూడండి. ఊరికే ఎగబడి చెయ్యి పెట్టరు. పొగ ఉంటుంది, తాడు ఉంటుంది, పైన తాడు పట్టుకోవడానికి ప్రాణం అప్పగించగలిగే నమ్మకమైన మనిషి ఉంటాడు. గాలి చూస్తారు, వేళ చూస్తారు. కుదరకపోతే ఆ రోజు తిరిగి వచ్చేస్తారు. అడవి నేర్పేది భయం లేకపోవడం కాదు. ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు వదిలెయ్యాలో నేర్పుతుంది. బంగళా యజమాని మన దగ్గర కొనుక్కోవాలనుకుంటున్నది ఆ తెలివిని కాదు, మన ఒంటిని మాత్రమే.

మనలో కొందరు అనొచ్చు: "ఇంత చిన్న పనికి కాదంటే ఉద్యోగం పోతుంది, ఊళ్లో అప్పు ఎవరు తీరుస్తారు?" ఈ మాటను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. గదిలో కూర్చుని పోస్టు రాయడం తేలిక, యజమాని ముందు నిలబడి కాదనడం కష్టం. అందుకే "చెయ్యను" అని మొహం మీద అనమని చెప్పడం లేదు. ఇట్లా అనండి: "సార్, ఇది కందిరీగల గూడు. నిప్పు పెడితే లేచి పిల్లలను కుడతాయి, మంట ఏసీకి అంటుకుంటుంది. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలుద్దాం, అప్పటిదాకా ఎవరూ అటు పోకుండా నేను చూసుకుంటా." ఇందులో ఎదిరింపు లేదు. ఆయన ఇంటి మేలే ఉంది. పది ఇళ్ల వాచ్‌మన్‌లు ఇదే మాట మాట్లాడితే అది ఆ వీధి పద్ధతి అవుతుంది. ఒక్కడే మాట్లాడితే మొండితనం అంటారు. అందుకే ఈ పోస్టును ఒక్కరు చదివి ఊరుకోవద్దు.

ఏజెన్సీ ద్వారా పనిచేసే సెక్యూరిటీ తమ్ముళ్లు ఒకటి చూసుకోండి. జీతం స్లిప్పులో ఈఎస్ఐ కోత ఉందా? ఉంటే మీ ఈఎస్ఐ నంబరు అడిగి తీసుకోండి. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు వర్తించే పథకం అది. పనిలో దెబ్బ తగిలితే వైద్యం అడిగే హక్కు అందులో ఉంది. కోత కోస్తూ నంబరు ఇవ్వకపోతే దాన్ని వదలొద్దు.

ఇప్పుడు పనికొచ్చే మాటలు కొన్ని. వీటిని విడిగా కాపీ చేసి మన పనిచేసేవాళ్ల గ్రూపుల్లో కూడా పెట్టండి.

1. వారానికోసారి సన్‌షేడ్ కింద, ఏసీ పెట్టె వెనక, మీటరు పెట్టెలో, ఖాళీ ఇనుప పైపుల చివర్లలో కింద నుంచే చూడండి. పైపుల నోళ్లు మూయించండి, వెంటిలేటర్లకు జాలీ వేయించండి. గూడు పెట్టనివ్వకపోవడమే అన్నిటికన్నా సులువు.

2. గూడు రూపాయి బిళ్లంత ఉండి, దాని మీద ఒకటో రెండో ఉన్నప్పుడు, అదీ నేల మీద నిలబడి పొడుగు కర్రతో అందేంత ఎత్తులో ఉంటేనే, చీకటి పడ్డాక తీయొచ్చు. అంతకు మించి పెద్దదైతే మనది కాదు ఆ పని.

3. పెద్ద గూడు తీయడం తెలిసినవాళ్ల పని. ఒళ్లంతా కప్పే బట్టలు, ముఖానికి జాలీ, చేతికి తొడుగులు ఉండాలి. పగలు కాదు, కందిరీగలన్నీ గూటికి చేరిన రాత్రి వేళ చేస్తారు.

4. రాయి విసరడం, నీళ్ల పైపు కొట్టడం, బొద్దింకల స్ప్రే దగ్గరికి పోయి కొట్టడం వద్దు. గూడు కాల్చే రీల్స్ అసలే వద్దు. హాస్టళ్లలో మన తమ్ముళ్లే లైకుల కోసం ఇది చేస్తున్నారు. ఎవరో మనల్ని "అడవోళ్లు" అని వెక్కిరించారని బాధపడుతూ, మనమే ఆ వేషం వేసి చూపించడం ఏం న్యాయం?

5. కందిరీగలు లేస్తే చేతులు ఊపుతూ నిలబడొద్దు. ముఖం కప్పుకుని వేగంగా అక్కడి నుంచి పోయి గదిలోకి వెళ్లి తలుపు వేయండి.

6. కుట్టిన చోట సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచు పెట్టండి. వేళ్లకు ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయండి. కుట్టింది తేనెటీగ అయితే ముల్లు ఉంటుంది, దాన్ని ఆలస్యం చేయకుండా గీకి తీసేయాలి. సున్నం, ఉల్లిపాయ, ఇనుప ముక్క రుద్దడం మన ఊళ్లలో అలవాటు. సున్నంతో చర్మం కాలుతుంది, అది వద్దు. మిగతావి ఊరట అనిపిస్తే అనిపించొచ్చు, కానీ ఊపిరి ఆడనప్పుడు ప్రాణం కాపాడేవి అవి కావు.

7. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు లేదా నాలుక వాయడం, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం, ఇందులో ఏది కనిపించినా ఒక్క నిమిషం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. దీనికి వెంటనే ఇవ్వాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, అది ఆసుపత్రిలోనో అంబులెన్సులోనో దొరుకుతుంది. "కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అనే మాట ఇక్కడ పనికిరాదు. గొంతులో, నోట్లో కుట్టినా ఇదే పద్ధతి.

8. చాలా కందిరీగలు ఒకేసారి కుడితే ఎలర్జీ లేకపోయినా, మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విషం ఎక్కువైతే కండరాలు దెబ్బతిని, ఆ భారం కిడ్నీల మీద పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో మూత్రం తగ్గినా, టీ డికాక్షన్ రంగులో వచ్చినా అది పెద్ద ప్రమాదానికి గుర్తు.

ఇవి చదివి "కందిరీగ మీద ఇంత అవసరమా" అనుకునేవాళ్లు ఉంటారు. మాకు మాత్రం ఇందులో రెండు సంగతులు కలిసే కనిపిస్తున్నాయి. పనికొచ్చే జీవి అయినా తేనె ఇవ్వదు కాబట్టి కందిరీగకు గౌరవం లేదు. అదే తేనెటీగ అయితే దాని తేనెకు సీసా, లేబులు, ధర అన్నీ ఉన్నాయి. మనల్ని కూడా ఈ నగరం అట్లాగే చూస్తోంది. మన తేనె కావాలి, మన డప్పు కావాలి, స్టేజీ మీద మన గుస్సాడీ కావాలి. మన మనిషి నిచ్చెన మీద నుంచి పడితే మాత్రం "ఇంకొకణ్ణి పంపండి" అని ఏజెన్సీకి ఫోన్ వెళ్తుంది. పనికొస్తేనే విలువ అనే ఆ లెక్కను మనం ఒప్పుకోకూడదు. గూటి విషయంలోనూ ఒప్పుకోకూడదు, మన విషయంలోనూ ఒప్పుకోకూడదు.

చివరిగా ఒక పని అప్పగిస్తున్నాం. తెలుగులో కాగితపు గూడు కట్టేదానికీ, తొర్రలో ఉండే పెద్దదానికీ కూడా కందిరీగ అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటున్నాం. మన భాషల్లో వీటికి వేరువేరు పేర్లు ఉండే ఉంటాయి. గోండి, కోయ, కొలామి, సవర, లంబాడీ, ఎరుకల, ఏ భాష అయినా సరే, ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అవ్వనో, తాతనో, యాడీనో అడగండి. గూడు ఎక్కడ పెడుతుందో, ఎప్పుడు వదిలెయ్యమనేవాళ్లో, ఎప్పుడు తీసేవాళ్లో అడగండి. విన్నది విన్నట్టు కింద రాయండి, ఊరి పేరు, జిల్లా పేరు కూడా రాయండి. అన్నీ కలిపి ఒక జాబితా చేసి గ్రూపులో పెట్టే బాధ్యత మాది.

ఈ ఆదివారం బంగళాల్లో పనిచేసే మనవాళ్లు ఎవరైనా మీ గదికి వస్తే, టీ తాగేటప్పుడు ఏడో అంశం, ఎనిమిదో అంశం చదివి వినిపించండి. వాళ్లలో చాలామందికి ఈ పోస్టు చదివే తీరిక ఉండదు.

జోహార్.